చేప ఆయుష్షు పదిహేనేళ్ళు, షీటు ఆయుష్షు రెండేళ్ళు!

పెరట్లో గోల్డ్ ఫిష్ కొలను పెట్టుకుందామని ఉబలాటపడే వాళ్ళందరికీ నమస్కారం. మీ మీద నాకొక ఫిర్యాదు ఉంది.

ఏ రంగు చేపలు వెయ్యాలా అని నెల రోజులు ఆలోచిస్తారు. ఫౌంటెన్ ఏ మూల పెట్టాలో ఇంట్లో వాళ్ళతో వారం రోజులు వాదిస్తారు. కలువ దుంపల కోసం కడియం నర్సరీల దాకా వెళ్ళొస్తారు. మరి ఆ నీళ్ళన్నిటినీ మోయాల్సిన షీటుని మాత్రం, గుంత తవ్వడం అయిపోయిన రోజు సాయంత్రం, కొట్టు కట్టేసే టైముకి బండేసుకెళ్ళి "ఏది చవగ్గా ఉంటే అది కోసివ్వండి" అని తెచ్చుకుంటారు. ఎందుకండీ ఇలా? ఇల్లు కట్టేటప్పుడు పునాదికి ఏ రాయి దొరికితే ఆ రాయి వేసి, గుమ్మానికి మాత్రం టేకు వెతుకుతారా?

నా వాదన ఒక్కటే. షీటు వయసు చేప వయసుకి తగ్గకూడదు. డబ్బులు చాలకపోతే గుంత చిన్నది చేసుకోండి, షీటు పల్చన చెయ్యొద్దు. రెండూ కుదరవంటారా, అక్కడొక తులసి కోట కట్టుకోండి. పుణ్యమైనా వస్తుంది.

"టీ సమోసా డబ్బులకొచ్చే చేపకి ఇంత హంగామా అవసరమా?" అని మీలో సగం మంది ఈపాటికే అనుకుని ఉంటారు. అసలు జబ్బంతా అక్కడే ఉంది. గోల్డ్ ఫిష్ చవక కాబట్టి దాని బతుకు కూడా చవకే అని మనకో నమ్మకం. గాజు గిన్నెలో వేసి, మూడు నెలలకి పోతే "వీటి ఆయుష్షే అంత" అనేసి ఇంకోటి తెచ్చుకుంటాం. దాని ఆయుష్షు అంత కాదు మహాప్రభో. ఇది మన బొచ్చె, రోహు ఉన్న కార్ప్ కుటుంబం చేప. మంచి నీళ్ళూ చోటూ ఉంటే పది పదిహేనేళ్ళు సులువుగా బతుకుతుంది, ఇరవై దాటినవీ ఉన్నాయి. ఇంగ్లండులో టిష్ అనే చేప 1956లో ఒక తిరణాల ఆటలో బహుమతిగా ఎవరింటికో వచ్చి, 1999లో చనిపోయింది. 43 ఏళ్ళు! అంటే నా వయసు కంటే పదిహేనేళ్ళు ఎక్కువ. అలాంటి జీవిని తెచ్చి, రెండు వేసవులు కూడా ఆగని కవరు మీద నీళ్ళు పోసి అందులో వదులుతున్నారు మీరు. ఆ కవరు చిరిగిన రోజున చేప ఏం చెయ్యాలి? దానికి వేరే అద్దె ఇల్లు లేదు కదా.

నేను సివిల్ చదివి సాఫ్ట్‌వేర్ లో పడ్డ లక్షల మందిలో ఒకణ్ణి. కాలేజీలో నేర్చుకున్న సాయిల్ మెకానిక్స్ ఇన్నాళ్ళకి పనికొచ్చింది ఈ ఒక్క విషయంలోనే :). మూడేళ్ళ కింద గుంటూరు జిల్లాలో మా ఇంటి పెరట్లో కొలను తవ్వుకున్నాం. అప్పట్నుంచీ ఆఫీసులో ఎవరికి గుంత తవ్వాలని బుద్ధి పుట్టినా నా దగ్గరికే వస్తారు. అడిగే ప్రశ్న కూడా ఒకటే: "అన్నా, గా నీలం కవర్ ఏస్తే నడ్వదా?"

నడ్వదు.

ఆ నీలం కవరు అంటే వడ్లమీదా మిరపకాయల మీదా కప్పే టార్పాలిన్ పట్టా. దాన్ని ఒకసారి వెలుగుకి ఎత్తి పట్టుకుని చూడండి. సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్లని చాపలా అల్లి, రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పూత పూస్తారు. వాన పైనుంచి పడి జారిపోయేటప్పుడు అది చక్కగా ఆపుతుంది, దాన్ని తయారు చేసిందే అందుకు. కానీ నీళ్ళు పగలూ రాత్రీ దాని మీద కూర్చుని ఉంటే కథ వేరు. మడత పడ్డ ప్రతిచోటా పూత చిట్లుతుంది. పూత చిట్లితే అల్లిక బయటపడుతుంది. అల్లికలోకి వెళ్ళిన నీరు రిబ్బన్ల వెంట ఎక్కడికో పాకి, చిల్లు పడిన చోట కాకుండా ఇంకోచోట కారుతుంది. చిల్లు దొరకదు. దొరికినా పాలిథిన్ కి ఏ బంకా అంటదు. ఎం-సీల్ పెట్టండి, ఫెవిక్విక్ పొయ్యండి, రెండు రోజుల్లో పెచ్చులా ఊడొస్తుంది. ఇక నీళ్ళ గట్టు మీద ఎండకి కనిపించే అంచు ఉంది చూశారూ, ముందు పోయేది అదే. మన రోహిణి కార్తె ఎండలకి ఒకటి రెండేళ్ళలో అది అప్పడమైపోతుంది.

హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకున్న మా ఆఫీసు అన్న ఒకాయన, నేను ఎంత మొత్తుకున్నా వినకుండా ఈ పట్టానే రెండు పొరలు వేశాడు. "రెండు పొరలున్నయ్ కదా, ఒకటి పోతే ఇంకోటుంటది" అని లాజిక్కు. మనం సర్వర్లకి బ్యాకప్ పెట్టినట్టు అన్నమాట. కానీ రెండూ ఒకే ఎండలో, ఒకే మడతల్లో, ఒకే రాళ్ళ మీద ఉన్నప్పుడు అది బ్యాకప్ ఎలా అవుతుంది? రెండో మే నెలలో ఒక రాత్రి రెండడుగుల నీళ్ళు జానెడుకి వచ్చాయి. తెల్లారి చూసేసరికి ఆ జానెడు బురదలో తొమ్మిది చేపలు. కాలనీలో అప్పటికే బోర్లు ఎండి, జనం ట్యాంకర్ కోసం వరస కట్టి ఉన్నారు. ట్యాంకర్ మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి ఎండలో ఆ జానెడు నీళ్ళు చెయ్యి పెడితే వెచ్చగా తగిలేంత అయ్యాయి. బతికినవి రెండు. ఆయన చిన్న కూతురు మిగతా వాటిని వేపచెట్టు కింద పూడ్చి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టిందట. ఇది చెబుతూ ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు గానీ నవ్వు రాలేదు.

పట్టా కంటే ఘోరమైంది ఇంకోటి ఉంది. పాత ఫ్లెక్సీ! ఎన్నికలకీ పుట్టినరోజులకీ కట్టి వదిలేసిన ఫ్లెక్సీలు ఊళ్ళల్లో ఊరికే దొరుకుతాయి కాబట్టి, వాటిని బోర్లా పరిచి చేపల గుంతలు కడుతున్నారు, దానికి వీడియోలు కూడా తీస్తున్నారు. అది గోడకి వేలాడదీయడానికి తయారైన గుడ్డ. బొమ్మ పదిహేను రోజులు మెరవాలని ఇంకు కొడతారు. ఆ ఇంకు, ఆ పూత చేపలున్న నీళ్ళలో ఏళ్ళ తరబడి నానచ్చని ఎవరైనా మీకు రాసిచ్చారా? పైగా అడుగునుంచి నాయకుడుగారు రెండు చేతులూ జోడించి మీ చేపలకి దండం పెడుతుంటాడు. వాటి ఓట్లు కూడా కావాలేమో.

సరే, పట్టా వద్దనుకుని కాస్త మంచి కొట్టుకే వెళ్ళారనుకుందాం. అక్కడ ఇంకో మాయ మొదలవుతుంది. అంకెల మాయ. ఒకడు జీఎస్ఎం అంటాడు, ఒకడు మైక్రాన్ అంటాడు, నెట్లో చూస్తే మిల్ అని ఉంటుంది. మనవాడు మిల్ ని మిల్లీమీటర్ అనుకుంటాడు. లెక్క ఇదీ: వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 25.4 మైక్రాన్లు. జీఎస్ఎం మందం కాదు, బరువు. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. పాలిథిన్ నీళ్ళ కంటే కాస్త తేలిక కాబట్టి 500 మైక్రాన్ల షీటు సుమారు 470 జీఎస్ఎం తూగుతుంది. ఈ లెక్కన "హెవీ డ్యూటీ సార్, 200 జీఎస్ఎం" అని కొట్టాయన బల్ల మీద చరిచి చూపించేది పావు మిల్లీమీటరు కూడా లేదన్నమాట. ఆయన అబద్ధం చెప్పలేదు. మనం అడగలేదు, అంతే. 200 అనే అంకె పెద్దదిగా కనపడింది, బుట్టలో పడ్డాం.

అయితే మందం ఒక్కటే చూసినా తప్పే. ఏ పదార్థం అన్నది ముందు. పదార్థం సంగతికొచ్చేముందు మన మేస్త్రిగారి సంగతి చూడాలి, ఎందుకంటే మీరు "షీటు" అనే మాట ఎత్తగానే ఆయన నవ్వుతాడు.

"ప్లాస్టిక్ కవరేంది బాబూ, సిమెంటు తొట్టి కట్టేత్తా, మీ మనవల కాలం దాకా ఉంటది."

మా ఇంటికొచ్చిన మేస్త్రి అన్న మాట ఇది. మా నాన్న వెంటనే ఆయన వైపు తిరిగిపోయారు. కానీ మాది నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది. ఆ నేలలో ఇళ్ళ గోడలే పగుళ్ళిస్తుంటే, నాలుగు వరసల ఇటుక మీద రెండు పూతల సిమెంటు ఎంతకాలం ఆగుతుంది? ఆగాలంటే ఇనుము వేసి, మంచి కాంక్రీటు పోసి, కింద నేలని మార్చి కట్టాలి. అలా కడితే తప్పకుండా ఆగుతుంది, కాదనను. కానీ ఆ ఖర్చుతో ఎంత ఖరీదైన షీటైనా వస్తుంది. మేస్త్రి చెప్పేది అది కాదు. ఆయన చెప్పేది ఇటుకా పూతే.

"మరి కోనేళ్ళు వందల ఏళ్ళు ఉండట్లేదా?" అని మా నాన్న. చాలా కోనేళ్ళు, దిగుడు బావులు భూమిలోని నీటిని పైకి రానివ్వడానికి కట్టినవి నాన్నా, పోసిన నీళ్ళని పట్టి ఉంచడానికి కాదు అన్నాను. మాట్లాడలేదు. ఒప్పుకున్నారని నేను అనుకుంటున్నాను, ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

పగుళ్ళ కంటే పెద్ద సమస్య సున్నం. కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది. నీళ్ళ పీహెచ్ పదకొండు, పన్నెండు దాకా పోగలదు. గోల్డ్ ఫిష్ కి హాయిగా ఉండేది ఏడూ ఎనిమిదీ ఆ చుట్టుపక్కల. తొట్టి నింపి, నాననిచ్చి, పారబోసి, మళ్ళీ నింపి... ఇలా వారాల తరబడి చెయ్యాలి. మన వాళ్ళు చేస్తారా? గృహప్రవేశం ఆదివారం, చేపలు శనివారం! పీహెచ్ కొంచెం పెరిగితే ఏమవుతుందిలే అనేవాళ్ళకి ఒక లెక్క. చేప విసర్జించే అమ్మోనియాలో అసలు విషం ఎంత అన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ ఏడుంటే మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కూడా ఆ విషరూపంలో ఉండదు. ఎనిమిదికి 5 శాతం దాటుతుంది. తొమ్మిదికి మూడో వంతు దాటిపోతుంది. అవే నీళ్ళు, అవే చేపలు, అదే మేత. సిమెంటు తొట్టిలో మొదటి నెలలో చేపలు పోతే "దిష్టి తగిలింది" అంటారు. దిష్టి కాదండీ, సున్నం.

ఇకపోతే మూడో వర్గం. వీళ్ళు తెలివైన వాళ్ళు, అందుకే వీళ్ళతోనే నాకు అసలు గొడవ. "పంట కుంటలకి 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ జియోమెంబ్రేన్ వేస్తున్నారు, కోస్తాలో కొన్ని వనామి రొయ్యల చెరువులకీ అదే వేస్తున్నారు. లక్షల లీటర్లు ఆపే షీటు నా మూడు వేల లీటర్లు ఆపలేదా?" అంటారు. మంచి ప్రశ్నే. నేల కుంటలకి వేసే హెచ్‌డీపీఈ అల్లిక షీటుకి ఐఎస్ 15351 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. అది చెత్త సరుకని నేను అనను.

కానీ ఆ కుంట ఆకారం చూశారా? పెద్ద పెద్ద వాలు గట్లు, నున్నటి అడుగు, షీటుకి మలుపులే తక్కువ. ముక్కల్ని వేడి మెషీనుతో అతికిస్తారు. ఇప్పుడు మీ కొలను చూడండి. జీడిపప్పు ఆకారం! మధ్యలో మొక్కల కోసం ఒక మెట్టు, ఓ పక్క జలపాతం కోసం ఇంకో మలుపు. హెచ్‌డీపీఈ బిరుసు. అది వంగదు, మడత పడుతుంది. బిరుసు ప్లాస్టిక్ లో మడత అంటే ఎప్పుడూ లాగుడు మీద ఉన్న గీత. ఏళ్ళు గడిచేకొద్దీ పగులు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. పైగా పాలిథిన్ నీళ్ళ కంటే తేలిక కాబట్టి మడతలు సరిగ్గా కూర్చోవు, కిందకి నీరో గాలో చేరితే బుడగలా పైకి లేస్తుంది. మీది నిలువు గోడల దీర్ఘచతురస్రం గుంత అయ్యుండి, కొలతలిచ్చి ఫ్యాక్టరీలోనే పెట్టెలా అతికించి తెప్పించుకోగలిగితే, హెచ్‌డీపీఈ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జీడిపప్పు కావాలంటే మాత్రం వద్దు.

పీవీసీ గురించి రెండే ముక్కలు. మెత్తగా ఉంటుంది, చక్కగా పరుచుకుంటుంది, అతికించుకోవడం కూడా సులువు. కానీ ఆ మెత్తదనం పీవీసీది కాదు, అందులో కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్లది. అవి మెల్లగా బయటికి పోతాయి, ఎండకి ఇంకా త్వరగా. పోయాక షీటు పెళుసెక్కి విరుగుతుంది. అంచులన్నీ ఎండ తగలకుండా కప్పి, చేపలకి పనికొస్తుందని రాసి ఉన్నదే కొంటే కొన్నేళ్ళు లాగుతుంది. పదిహేనేళ్ళ చేపకి అది సగం దారి టిక్కెట్టు.

మిగిలింది ఈపీడీఎం. పేరు నోరు తిరగదు గానీ మీ అందరికీ తెలిసిన వస్తువే. కారు తలుపు చుట్టూ, అద్దాల చుట్టూ నల్లటి రబ్బరు బీడింగ్ ఉంటుంది చూశారా, మామూలుగా అది ఇదే. పదేళ్ళు ఎండలో నిలబెట్టిన కారుకి రంగు వెలిసిపోతుంది గానీ బీడింగ్ మాత్రం ఇంకా మెత్తగానే ఉంటుంది. అందులో కలిపిన మసి, అంటే కార్బన్ బ్లాక్, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని లోపలికి పోనివ్వదు. మెత్తదనం పదార్థానిదే కాబట్టి కారిపోయే నూనెల గొడవ లేదు. సాగదీస్తే మూడింతలు సాగుతుంది. నల్లరేగడి ఒక పక్కకి రెండంగుళాలు జరిగినా అది కూడా జరుగుతుంది, చిరగదు. నేను మా పెరట్లో దీన్ని వెయ్యడానికి అసలు కారణం ఇదే. కొలనులకి మామూలుగా వాడేది 45 మిల్, అంటే 1.14 మిల్లీమీటర్లు. తయారీదారులు ఇరవై ఏళ్ళ గ్యారంటీ ఇచ్చే సరుకు ఇది.

దీనికీ లోపాలున్నాయి, దాచను. ఖరీదు. ప్రతి ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. బరువు: చదరపు మీటరుకి కిలోన్నర లోపు, మా కొలను షీటు పాతిక కిలోల దాకా తూగింది. పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు తగిలితే ఉబ్బి పాడవుతుంది కాబట్టి జనరేటర్ పక్కన కొలను పెట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇళ్ళ పైకప్పులకి వేసే ఈపీడీఎం కూడా ఉంది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. పైకప్పు రకంలో మంటలంటుకోకుండా ఏవేవో కలుపుతారు, ఆ రకాన్ని చేపల కోసం అమ్మరు. "చేపలకి సురక్షితం" అని సరుకు మీద రాసి ఉంటేనే కొనండి. కొట్టాయన నోటి మాట చాలదు.

"నలుపు బాలేదు, నీలం కావాలి" అనేవాళ్ళకి: రెండు మూడు నెలలకి మీ షీటు మొత్తం పాచి పడుతుంది. అప్పుడు ఏ రంగైనా ఒకటే రంగు. ఆకుపచ్చ.

ఇప్పుడు డబ్బు సంగతి. రేట్లు నేను రాయను, రాసినవి రేపటికి మారిపోతాయి. పట్టా కంటే ఈపీడీఎం ఐదు రెట్లు ఖరీదనే అనుకుందాం. పట్టా రెండేళ్ళు, ఈపీడీఎం ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళలో పది పట్టాలు, పది సార్లు నీళ్ళు తోడి పారబొయ్యడం, పది సార్లు చేపల్ని బక్కెట్లలోకి ఎత్తడం, పది సార్లు మళ్ళీ మొదట్నుంచీ. అన్నిటికీ మించి, పాత షీటు మీద పేరుకున్న పాచిలో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉంటుంది. షీటుతో పాటు దాన్నీ పారేసి, కొత్త షీటు మీద పాత చేపల్ని వదులుతారు. చేపలు అక్కడ పోతాయి. ఎవరూ షీటు ఖాతాలో రాయరు.

అయినా చేతిలో అంత లేదంటారా, అప్పుడే గుంత తగ్గించమన్నాను. లెక్క చూడండి. షీటు పొడవు అంటే గుంత పొడవు, దానికి రెండు లోతులు, అంచులకి రెండు వైపులా అడుగు చొప్పున రెండడుగులు. వెడల్పుకీ అంతే. పన్నెండు బై ఎనిమిది గుంత రెండున్నర అడుగుల లోతు అయితే షీటు 19 బై 15, అంటే 285 చదరపు అడుగులు. అదే ఎనిమిది బై ఐదు గుంతకి 15 బై 12, అంటే 180. మూడో వంతుకి పైగా మిగిలింది. నిలువు గోడలైతే అందులో 2,800 లీటర్ల నీళ్ళు పడతాయి, ఎనిమిది గోల్డ్ ఫిష్ లు రాజాల్లా బతుకుతాయి. లోతు మాత్రం తగ్గించకండి. అడుగున్నర లోతు నీళ్ళు మన మే నెలలో మధ్యాహ్నానికి కాగిపోతాయి, నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇది అసలు చల్లటి నీళ్ళని ఇష్టపడే చేప. పైన సగం మేర గ్రీన్ నెట్ కట్టినా తప్పులేదు. (ఈ రెండు లోతుల్ని లెక్కలో మర్చిపోయి, గుంత పొడవూ వెడల్పూ చెప్పి షీటు తెచ్చుకునే వాళ్ళని నేను ఇంతవరకూ ముగ్గుర్ని చూశాను. ముగ్గురూ ఇంజనీర్లే.)

ఎంత మంచి షీటు తెచ్చినా కింద రాయి ఉంటే దండగ. రెండున్నర అడుగుల నీళ్ళంటే అడుగున ప్రతి చదరపు మీటరు మీద 750 కిలోల పైన బరువు. మన మొరం నేలల్లో పలుగు రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. గుంత తవ్వాక చెప్పులు విప్పి లోపల నడవండి. పాదానికి గుచ్చుకున్నది ప్రతిదీ షీటుకీ గుచ్చుకుంటుంది. ఏరెయ్యాలి, వేర్లు కొయ్యాలి, రెండంగుళాలు మెత్తటి ఇసుక పోసి చదును చెయ్యాలి. నిలువు గోడలకి ఇసుక ఆగదు కాబట్టి వాటికి జియోటెక్స్‌టైల్, అంటే రోడ్ల కింద వేసే ఆ కంబళి లాంటి గుడ్డ వెయ్యాలి. అది దొరక్కపోతే నైలాన్ పాత కార్పెట్. గోనె సంచులు వెయ్యమని చాలామంది చెబుతారు, వెయ్యకండి. ఒక వానాకాలానికి కుళ్ళుతాయి, ఈలోపు చెదలు విందు చేసుకుంటాయి. వెదురు పొద పక్కనా, రావి మొక్క మొలిచే గోడ పక్కనా గుంత తవ్వొద్దు.

ఇక మన అసలు శత్రువు పందికొక్కు. అమెరికా వాళ్ళ వీడియోల్లో దీని ప్రస్తావన ఉండదు. అది కింద నుంచి బొరియ చేసుకుంటూ వచ్చి, అడ్డొచ్చింది ఏదైనా కొరుకుతుంది. దాని పళ్ళకి ఈపీడీఎం అయినా ఒకటే, పట్టా అయినా ఒకటే. మేం గుంత అడుగునా గోడలకీ, గుడ్డ కింద, సన్నకన్ను గాల్వనైజ్డ్ మెష్ పరిచాం, తీగ కొసలు కిందకి వంచి. దీనికి ఇంటి చుట్టుపక్కల వాళ్ళు "చేపలకి జైలు కడుతున్నారా?" అని నవ్వారు. నవ్వనివ్వండి. కోనసీమ లాంటి చోట్ల అయితే పందికొక్కు కంటే భూగర్భ జలం పెద్ద సమస్య. జానెడు తవ్వితే నీరొచ్చే చోట వానాకాలంలో కింద నీరు షీటునే పైకి లేపుతుంది. అక్కడ గుంత తవ్వకుండా నేల మీదే గట్టు కట్టుకోవడం మేలు.

అంచుల మీద కడప బండలు పెట్టేవాళ్ళు బండకీ షీటుకీ మధ్య అదే గుడ్డ ముక్క ఒకటి వెయ్యండి. కోసిన బండ అంచు బ్లేడు లాంటిది, దాని మీద పిల్లలు ఎక్కి తొక్కుతారు.

నీళ్ళు నింపాక వెంటనే అంచులు కొయ్యొద్దు. వారం ఆగండి. నీళ్ళ బరువుకి షీటు లోపలికి జారి సర్దుకుంటుంది. నీరు తగ్గుతుంటే కంగారుపడి చిల్లు వెతక్కండి. మే నెలలో ఆవిరయ్యేదే రోజుకి సెంటీమీటరు దాకా ఉంటుంది. ఒక బక్కెట్టు నిండా నీళ్ళు పోసి కొలనులోనే ఒక ఇటుక మీద పెట్టండి, రెండిట్లో మట్టం గుర్తు పెట్టుకోండి. రెండూ ఒకేలా తగ్గితే అది సూర్యుడి పని. కొలనులో ఎక్కువ తగ్గితే అప్పుడు వెతకండి.

వారం తర్వాత కోసిన ముక్కలు మాత్రం పారెయ్యకండి. రేపు ఎప్పుడైనా చిల్లు పడితే అదే షీటు ముక్క, ప్రైమరు, అతుకు టేపు, అంతే కావాలి. మావి చుట్ట చుట్టి అటక మీద పెట్టాను. వాటిని గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వెయ్యాలని మా అమ్మ ఇప్పటికి రెండుసార్లు కిందకి దింపింది, నేను రెండుసార్లూ మళ్ళీ పైకెక్కించాను.